స్టీరియోతో ఆడుకునే రికార్డింగులు: మా హాల్లో ఇప్పటి సంగతి

స్పీకర్లను గోడ నుంచి రెండడుగులు ముందుకు లాగాక హాల్లో శబ్దమే మారిపోయింది. రెంటి మధ్య ఆరడుగులు, ఒక్కోదాని నుంచి నా కుర్చీకి ఆరున్నర అడుగులు. ట్వీటర్లు, అంటే సన్నని శబ్దాలు పలికే చిన్న భాగాలు, చెవి ఎత్తులో ఉన్నాయి, రెండూ కొద్దిగా లోపలికి తిరిగి ఉన్నాయి. ముందు జంపఖానా పరిచాక టైల్స్ గలగల కూడా తగ్గింది. పాడేవాళ్ల గొంతు సరిగ్గా మధ్యలో నిలబడుతోంది. ఇక ఆ మధ్యతో, అంచులతో ఆడుకునే రికార్డింగుల వంతు.

మొదట అమెరికన్ బ్యాండ్ నాయకుడు ఎనాక్ లైట్ 1959లో కమాండ్ అనే రికార్డు లేబుల్ మీద తెచ్చిన 'పర్‌స్యూసివ్ పర్కషన్'. స్టీరియో ఎల్పీలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. తాళవాయిద్యాలు ఎడమ నుంచి కుడికి బంతిలా గెంతుతుంటాయి. కొత్త బొమ్మ దొరికిన ఉత్సాహం ప్రతి దెబ్బలో వినిపిస్తుంది. నాకు చాలా ఇష్టం.

బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ పాట 'మనీ' (1973) మొదట్లో నాణేలు, చింపిన కాగితం, దుకాణం గల్లాపెట్టె చప్పుళ్లు లయగా తిరుగుతాయి. టేపు ముక్కలను కొలిచి, కోసి, అతికించి చేసిన లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే టేపు అది. పాట ఏడు మాత్రల్లో నడుస్తుంది కాబట్టి మిశ్రచాపు తెలిసిన చెవికి వెంటనే పట్టు దొరుకుతుంది. చేత్తో తాళం వేస్తూ వినండి. గిటార్ సోలో దగ్గర లెక్క నాలుగుకు మారి, తర్వాత మళ్లీ ఏడుకు వస్తుంది. ఆ మలుపు దగ్గర నాకు ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది పింక్ ఫ్లాయిడ్ మాజీ సభ్యుడు రోజర్ వాటర్స్ ఆల్బమ్ 'అమ్యూజ్డ్ టు డెత్' (1992). మొదటి ట్రాక్‌లో కుక్క మొరుగుతుంది. ఆ అరుపు కుడి స్పీకర్‌లోంచి కాదు, దానికి ఎంతో అవతల నుంచి, పక్కింటి వైపు నుంచి వస్తున్నట్టు ఉంటుంది. రెండు చెవులకు శబ్దం చేరడంలోని చిన్న తేడాలతో చేసే క్యూసౌండ్ పద్ధతి అది. కుర్చీ కచ్చితంగా మధ్యలో ఉండాలి. కుడి గోడకు మందపాటి కర్టెన్ వేశాక నాకు ఇంకా స్పష్టంగా తెలిసింది. ఫోన్ నుంచి వింటుంటే ఈక్వలైజర్, సరౌండ్ లాంటివన్నీ ఆపేయండి. అప్పటికీ కుక్క ఎక్కడుందో తెలియకపోతే స్పీకర్ వైర్ల ఎరుపు, నలుపు కొసలు రెండువైపులా సరిగ్గా తగిలించారో లేదో చూడండి. ఒకవైపు తిరగబడితే బేస్ (మంద్ర శబ్దం) పలచబడి, మధ్యలో ఉండాల్సిన గొంతు చెదిరిపోతుంది.

టెలార్క్ రికార్డు కంపెనీ వాళ్ల '1812 ఓవర్చర్' (1979), రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ ఆర్కెస్ట్రా రచన, జాగ్రత్తగా వినాలి. అందులో నిజమైన ఫిరంగుల్ని డిజిటల్‌గా రికార్డు చేశారు. స్పీకర్లు పాడవుతాయేమో చూసుకోమని అట్ట మీదే హెచ్చరిక ఉంటుంది. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టడమే మంచిది.

ఆట అంటే చప్పుళ్లు అటూ ఇటూ తిరగడమే కాదు. ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' (1986) త్యాగరాజస్వామికీ జర్మన్ స్వరకర్త బాఖ్‌కీ అంకితం. వి.ఎస్. నరసింహన్ వయొలిన్ ఒక దారిన పోతుంటే మిగతా తీగవాయిద్యాలు ఇంకో దారిన వచ్చి కలుస్తాయి. స్పీకర్లు సర్దాక ఆ దారులు విడివిడిగా వినిపిస్తున్నాయి, ఈ శ్రమంతా పడింది దీనికోసమే అనిపించింది.

ఇంకా కుర్చీ వెనక గోడకు మరీ దగ్గరగా ఉంది. ఓ అడుగు ముందుకు జరిపి, స్విట్జర్లాండ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట యెల్లో చేసిన 'ద రేస్' (1988) పెట్టాలి. అందులో కారు ఒక పక్క నుంచి మరో పక్కకు దూసుకుపోతుంది. అది మా హాల్లో మధ్యలో ఎక్కడా మాయం కాకుండా దాటాలి.