తెల్లకాగితం మీద నడిచిన చుక్కలు

కీరా వేసి నలభై మూడు రోజులైంది. రెండు కోతలు అయిపోయి మూడో కోతకు కాయ సిద్ధంగా ఉంది. ఫిబ్రవరి ఆఖరు వారం. పొద్దున్నే డ్రిప్పు తిప్పడానికి ప్లాస్టిక్ కప్పిన పాలీహౌస్ లోపలికి వెళ్తే, తలుపు వైపు మొదటి రెండు వరసల్లో ఆకులు వెలిసిపోయినట్టు కనిపించాయి. దగ్గరికెళ్లి చూస్తే ఆకు నిండా సూదితో పొడిచినట్టు సన్నటి పసుపు చుక్కలు.

మాది గుంటూరు నుంచి తాడికొండ వెళ్లే దారిలో ఒక ఊరు. నాన్న ఉన్నన్నాళ్లూ మిరప, పత్తి. నేను వెయ్యి చదరపు మీటర్లలో, అంటే పావెకరంలో పాలీహౌస్ వేశాను. లోపల రెండు వేల రెండు వందల కీరా మొక్కలు, ఒక్కోటి ఒక్కో తాడు పట్టుకుని పైకి పాకుతుంటాయి. లోను ఇంకా నాలుగేళ్లుంది. అందుకే ఆకు మీద చుక్క కనిపించినా కడుపులో దేవేస్తుంది.

మొదట మెగ్నీషియం లోపం అనుకున్నాను. అలా అనుకోవడమే సుఖం కదా, మెగ్నీషియం సల్ఫేటు చవక. అది పిచికారీ చేసి వారం ఎదురుచూశాను. వారంలో రెండు వరసలు ఆరయ్యాయి.

అప్పుడు తామర పురుగు అనుకున్నాను. దానికీ కారణముంది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మా వైపు మిరప తోటల్ని ఏం చేసిందో చూసినవాడికి, ఏ ఆకు పాడైనా ముందు అదే గుర్తొస్తుంది. పూత రాలిపోయిన చేలు దున్నేసుకున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. పరుగున టౌనుకెళ్లి ఒక మందుల షాపులో ఆకు చూపించాను. అతను ఆకును తిప్పి కూడా చూడలేదు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుల మందు ఒక డబ్బా, దాంతో కలిపి కొట్టమని సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం ఇంకో పురుగుల మందు, ఊరికే ఉండనీ అన్నట్టు ఒక టానిక్కు సీసా ఇచ్చి, "రెండు రోజుల్లో క్లియరైపోద్ది" అన్నాడు. నేనూ ఆకు తిప్పలేదు లెండి, అతన్నొక్కణ్నే అనడం ఎందుకు.

క్లియర్ కాలేదు. ఐదో రోజుకి ఆకులు కంచు రంగుకి తిరిగాయి. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతుంటే మొక్కల చిగుళ్ల మధ్య ఏదో మెరిసింది. సన్నటి బూజు. సాలెపురుగు ఏదో గూడు కట్టిందనుకుని చేత్తో తుడిచేశాను. మర్నాటికి మళ్లీ ఉంది.

ఆ సాయంత్రం పక్క పొలం బాబాయ్ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా మిరప పండిస్తున్న మనిషి. లోపలికొచ్చి ఏమీ మాట్లాడకుండా నా జేబులోంచి మందుల షాపు బిల్లు తీసి, వెనక్కి తిప్పి ఆకు కింద పట్టుకుని రెండు దెబ్బలు కొట్టాడు. కాగితం మీద దుమ్ము లాంటి చుక్కలు పడ్డాయి. "కాసేపు చూడు" అన్నాడు. చూస్తుంటే ఆ దుమ్ము నడవడం మొదలుపెట్టింది. ఒక్కో చుక్క ఒక్కో దిక్కుకి, తాపీగా. బాబాయ్ బొటనవేలితో రుద్దితే కాగితం మీద ఎర్రమట్టి రంగులో గీతలు పడ్డాయి.

"ఇది పురుగు కాదురా అబ్బాయ్, నల్లి. మంచాల్లో నల్లి కాదు, ఆకుల మీది నల్లి. మిరపకైతే కింది ముడత చూసి చెప్పేస్తాం. దీనికి ముడత రాదు గాబట్టి నీకు తెలీలేదు. ఇంతకీ ఏం కొట్టావు?"

చెప్పాను. నుదురు కొట్టుకున్నాడు. మిరపలో నల్లికి గంధకం కొడతాం, దీనికీ అదే కొట్టెయ్యి అన్నాడు. అప్పటికే రెండుసార్లు తప్పటడుగు వేశాను కాబట్టి, ఈసారి మాత్రం ఎవరినైనా అడిగి చేద్దామని మర్నాడు నాలుగు ఆకులు పాలిథిన్ కవరులో వేసుకుని లాం ఫారానికి, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రానికి వెళ్లాను.

అక్కడి శాస్త్రవేత్త ఆకును మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. ఆ దృశ్యం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పచ్చటి దుప్పటి మీద కూర్చున్నట్టు, ఒంటి లోపలిది కనపడేంత పలచటి జీవి. రెండు పక్కలా ఒక్కో నల్ల మచ్చ, ఎనిమిది కాళ్లు. చుట్టూ గాజుపూసల్లా గుండ్రటి గుడ్లు, వాటి మీద దారాల పందిరి. ఇది ఎర్రనల్లి, సాలీడు జాతికి దగ్గర బంధువు, మామూలు పురుగుల మందు దీనికి పని చేయదు అన్నారు. పైగా నేను కొట్టిన పైరిథ్రాయిడ్, నల్లిని తినే వేరే నల్లుల్ని చంపి దీనికి మైదానం ఖాళీ చేసి ఇచ్చిందట. ఇమిడాక్లోప్రిడ్ కొట్టాక నల్లి ఇంకా ఎక్కువ గుడ్లు పెట్టిన సందర్భాలు కూడా ఉన్నాయట. అంటే నేను డబ్బులిచ్చి మరీ దాన్ని మేపాను.

ముప్పై డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి పెద్దది కావడానికి వారం చాలు. ఒక్క ఆడది బతికినన్నాళ్లలో వంద దాకా గుడ్లు పెడుతుంది. మార్చిలో మా పాలీహౌస్ లోపల ముప్పై డిగ్రీలంటే చల్లటి పూటే. చాలా మందులు తిరిగే నల్లిని చంపుతాయి గానీ గుడ్డును ఏమీ చేయలేవు. అందుకని ఒకసారి కొట్టి ఊరుకుంటే ఐదారు రోజుల్లో కొత్త తరం దిగుతుంది. గంధకం సంగతి అడిగితే వద్దన్నారు. దోస జాతికి గంధకం పడదు, ఎండలో కొడితే ఆకులు మాడిపోతాయి. బాబాయ్‌కి ఆ మాట చెబితే, "అట్లాగా" అని ఒక నిమిషం ఆలోచించి, "మిరపకైతే మాత్రం అదే" అన్నాడు.

ఆ రాత్రి ఫోనులో ఎర్రనల్లి గురించి వెతికాను. వచ్చిన వీడియోల్లో సగం విదేశాల్లో గంజాయి పెంచేవాళ్లవి. కెనడాలో 2018 నుంచి అది చట్టబద్ధం, గ్రీన్‌హౌసుల్లో బల్బులు పెట్టి పెంచుతున్నారు. మన దగ్గర 1985 నాటి మాదక ద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరం. మా ఆవిడ వెనక నుంచి తెర మీద ఆ ఆకులు చూసి, "ఏమండీ, కీరా పోయిందని ఇది వేద్దామనా?" అంది. నల్లి మాత్రం అదే నల్లి, మొక్క మారిందంతే. వాళ్ల బాధ ఒకటి నాకు బాగా తగిలింది. పూత మీదకొచ్చాక మందు కొట్టకూడదు, ఎందుకంటే ఆ పూతే జనం పీల్చేది. మరి నా కీరా? రోజు మార్చి రోజు కోస్తాను. కొన్నవాళ్లు కడిగి, ఉప్పూ కారం చల్లుకుని పచ్చిగా తింటారు.

ఇక్కడే మా ఇంట్లో గొడవ. మందు డబ్బాతో వచ్చే కాగితంలో, కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది. కీరా ఆగదు. రెండు రోజులు ఆలస్యమైతే ముదిరిపోతుంది, మొక్క మీద ఉంచితే కొత్త పిందె నిలవదు. అంటే కోయాలి, కానీ అమ్మకూడదు. మూడు కోతలు, కోతకు రెండు వందల ఎనభై కిలోల లెక్కన, గొయ్యి తీసి పూడ్చేశాను. "గేదెలకైనా వెయ్యి నాన్నా" అంది అమ్మ. గేదెలు తింటే ఆ పాలు తాగేది మనమే అన్నాను. కొల్లి శారదా మార్కెట్లో ఆ వారం కీరా కిలో ఇరవై నాలుగు పలికింది. గొయ్యి పూడుస్తుంటే ఆ లెక్క బుర్రలోంచి పోలేదు.

పని ఎలా జరిగిందో చెబుతాను. ముందు కింది ఆకులు తీసేశాం. తెంపిన ఆకును అక్కడికక్కడే నల్ల కవరులో వేసి మూతి కట్టి, బయట ఎండలో రెండు రోజులు పడేశాం. నల్లి లోపలే ఉడికిపోయింది. ఆకును చేత్తో పట్టుకుని దారంతా ఊపుకుంటూ తీసుకెళ్తే దాన్ని మనమే పంచిపెట్టినట్టు. మరీ పాడైన నలభై మొక్కల్ని వేళ్లతో సహా పీకేశాం. బాగున్న వరసల్లో ముందు పని చేసి, పాడైన వరసల్లోకి ఆఖరున వెళ్లాలి. అక్కణ్నుంచి నేరుగా ఇంటికే, మళ్లీ బాగున్న వరసల్లోకి రాకూడదు. నల్లి బట్టల మీద ఎక్కి వస్తుంది. ఇద్దరు కూలీలకు ఈ సంగతి అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది, నాకు అంతకన్నా ఎక్కువే పట్టింది.

తర్వాత ఆకు అడుగున నీళ్లతో గట్టిగా కొట్టాం. గూళ్లు తెగిపోయి నల్లి బాగానే తగ్గింది. కానీ రెండోసారి కొట్టిన నాలుగు రోజులకు ఆకుల మీద కోణాలుగా పసుపు మచ్చలు, అడుగున బూజు తెగులు. కీరాకి ఆకు తడిస్తే అదొక జబ్బు. నీళ్లు ఆపేశాను.

మందులు రెండే వాడాను, శాస్త్రవేత్త రాసిచ్చిన మోతాదులోనే. మొదట అబామెక్టిన్, తిరిగే నల్లికి. ఆరో రోజున స్పైరోమెసిఫెన్, గుడ్లకీ పిల్లలకీ. ఒకే మందు పదే పదే కొడితే నల్లి దానికి అలవాటు పడిపోతుంది, అందుకే రెండింటి పని తీరూ వేరుగా ఉండాలన్నారు. తైవాన్ స్ప్రేయర్ గొట్టం చివర నాజిల్‌ను పైకి వంచి, ఆకు అడుగు తడిసేలా సాయంత్రం ఐదున్నర దాటాక కొట్టాను. లోపల అప్పటికీ ఉక్కే. మాస్కు, కళ్లద్దాలు, పూర్తి చేతుల చొక్కా వేసుకుని మూడు ట్యాంకులు కొట్టేసరికి బూట్లలో చెమట నిలిచింది.

నూట ఇరవై రూపాయల భూతద్దం ఒకటి కొన్నాను. మొత్తం ఖర్చులో అదే చవకైనదీ, ఎక్కువ పనికొచ్చిందీ. నాలుగు రోజులకోసారి ఇరవై ఆకులు తిప్పి లెక్క నోటుబుక్కులో రాశాను. ఆకుకి సగటున ముప్పై నాలుగు, తర్వాత తొమ్మిది, మళ్లీ పదకొండు, ఆ తర్వాత రెండు. ఆ పదకొండు చూసిన రాత్రి నిద్ర పట్టలేదు. అవి గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు, ఆరే కాళ్లున్నవి. రెండో మందు వాటి కోసమే కొట్టాల్సింది, మర్నాడు సాయంత్రమే కొట్టాను.

ఇంతా చేసినా తలుపు దగ్గరి మొదటి వరసలో మాత్రం నల్లి మళ్లీ మళ్లీ కనిపిస్తూనే ఉంది. అంత సన్నటి వల కట్టినా ఇది ఎక్కణ్నుంచి వస్తోందో తోచలేదు. ఒక మధ్యాహ్నం తాళంచెవి కోసం తలుపు బయట నిలబడి, చేతిలో భూతద్దం ఉంది కదా అని ఊరికే పక్కనున్న వంగ ఆకు తిప్పి చూశాను. అడుగంతా గూళ్లే.

అవి అమ్మ వేసుకున్న ఆరు వంగ మొక్కలు. పక్కనే నాలుగు బెండ. లోపలికి వెళ్లేవాళ్లందరి చొక్కాలూ పంచెలూ వాటికి రాసుకునే వెళ్తాయి. కూలీలు తువ్వాళ్లు వాటి మీదే ఆరేసేవాళ్లు. నేనూ ఆరేశాను. వంగ, బెండ ఈ నల్లికి పుట్టిల్లు లాంటివని లాంలో చెప్పారు కూడా. మా తలుపు పక్కన ఏముందో మాత్రం నాకు గుర్తు రాలేదు.

అమ్మకి చెప్పడం మందు కొట్టడం కన్నా కష్టమైంది. ఏమీ అనలేదు. పిందెలతో ఉన్న మొక్కల్ని తనే పీకి కవరులో వేసింది. ఆ రాత్రి గుత్తివంకాయ కూర వండింది, ఆ చెట్ల చివరి కాయలతో. మందు వాటికి కొట్టలేదు కదా అని రెండుసార్లు అడిగింది.

పంట తొంభై ఏడో రోజుకి తీసేశాం. తొమ్మిది టన్నులు అనుకున్నది ఆరు టన్నులకు కాస్త పైన వచ్చింది. మేలో పాలీహౌస్ ఖాళీ చేసి, కలుపు ఒక్క మొక్క లేకుండా తీసి, తలుపులు మూసి ఎండకు వదిలేశాను. తలుపు చుట్టూ పది అడుగుల మేర ఏమీ మొలవనివ్వడం లేదు.

అమ్మ గేదెల కొట్టం వెనక మళ్లీ వంగ నారు పోసింది. భూతద్దం తలుపు దగ్గర మేకుకి వేలాడదీశాను. మొన్న ఉదయం చూస్తే మేకు ఖాళీ. కొట్టం వెనక అమ్మ ఒక వంగ ఆకు తిప్పి పట్టుకుని, భూతద్దాన్ని కంటికి ఆనించి, "ఇది నడుస్తోందా, దుమ్మేనా, నువ్వొచ్చి చూడు నాన్నా" అంటోంది.