ఎవరు తక్కువ పరుగెత్తారో లిస్టు కావాలట

హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కి ఫిజికల్ ట్రైనర్‌ని. మా దగ్గరికి సెకండ్ హ్యాండ్ జీపీఎస్ పాడ్లు వచ్చి ఒక సీజన్ దాటింది. చేతుల్లేని బిగుతు బనియన్, భుజాల మధ్య చిన్న జేబు, అందులో అగ్గిపెట్టెంత పరికరం. సెకనుకి పదిసార్లు ఆటగాడు ఎక్కడున్నాడో రాసుకుంటుంది. లోపలి యాక్సిలరోమీటర్ సెకనుకి వందసార్లు కుదుపుల్ని పట్టుకుంటుంది. మ్యాచ్‌లో కూడా ఇలాంటివి వేసుకోవడానికి ఫుట్‌బాల్ నిబంధనలు 2015 నుంచి ఒప్పుకుంటున్నాయి. మా కుర్రాళ్ళు మొదటి రోజు ఆ బనియన్లు చూసి నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది. గ్రౌండ్‌కి వచ్చే ఓ పాత ఆటగాడైతే, "రహీం సాబ్ జమానాలో ఈ డబ్బాలున్నాయా మియా?" అన్నాడు. నిజమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం గారి భారత జట్టు సెమీఫైనల్ ఆడింది, ఏ డబ్బా లేకుండానే.

వాడకంలో తిప్పలు కూడా ఉన్నాయి. ప్రాక్టీస్‌కి ముందు పాడ్లని ఆరుబయట కాసేపు పెట్టాలి, శాటిలైట్లు అందాలి కదా. ఎవరి పాడ్ వాళ్ళే వేసుకోవాలి. ఒకసారి ఓ డిఫెండర్ పాడ్ ఆపకుండానే బస్సెక్కేశాడు. గరిష్ఠ వేగం గంటకి 58 కిలోమీటర్లని వచ్చింది. ఉసేన్ బోల్టే 44 పైచిలుకు! ఆ వారమంతా వాడి పేరు బోల్టే.

అసలు గొడవ కమిటీతో వచ్చింది. డబ్బు పెట్టారు కాబట్టి లెక్క అడిగారు. ప్రతి మ్యాచ్ తర్వాత ఎవరు ఎక్కువ పరుగెత్తారు, ఎవరు తక్కువ పరుగెత్తారు అని వరసగా రాసి నోటీస్ బోర్డు మీద పెట్టమన్నారు. పూర్తి మ్యాచ్‌లో మిడ్‌ఫీల్డర్ పది పదకొండు కిలోమీటర్లు తిరుగుతాడు. వెనక మధ్యలో కాచే స్టాపర్ అంత తిరగడు, తిరగకూడదు కూడా. గోలీ అందులో సగం. అంటే ఆట మొదలవకముందే ఆ లిస్టులో ఎవరు కింద ఉంటారో చెప్పేయొచ్చు.

లిస్టు పెట్టాక ఓ వింత మొదలైంది. బంతి అవుట్‌కి పోయినప్పుడు, వాటర్ బ్రేక్‌లో, విజిల్ పడ్డాక కూడా కుర్రాళ్ళు ఊరికే జాగింగ్ చేస్తున్నారు. అంకె పెరగాలి మరి. ఇంకా ఇబ్బంది ఏమిటంటే, తొడ వెనక నరం లాగుతోందని చెప్పాల్సినవాడు చెప్పడం మానేశాడు. చెబితే తక్కువ పరుగెత్తమంటాం, తక్కువ పరుగెత్తితే లిస్టులో కిందికి, ఆపైన జట్టులోంచి బయటికి. గాయాన్ని ముందే పసిగట్టాలని తెచ్చిన పరికరం గాయాన్ని దాచడం నేర్పింది. కోచ్, నేను కూర్చుని మాట్లాడి బోర్డు మీది కాగితం తీయించాం. ఇప్పుడు అంకెలు ఆటగాడికి, కోచ్‌కి, నాకు. అంతే. సెలెక్షన్ మీటింగ్‌కి ఆ ఫైల్ వెళ్ళదు.

మరి దేనికి పనికొస్తుందంటే, ఒక్కొక్కడిని వాడితోనే పోల్చడానికి. సంక్రాంతికి ఊళ్ళకి పోయి, తర్వాత కాలేజీ పరీక్షలు రాసి వచ్చినవాళ్ళు మొదటి రోజే పాత జోరు చూపించాలనుకుంటారు. ఈ వారం భారాన్ని, అంటే వాడి ఒంటి మీద పడిన శ్రమ లెక్కని, గత నాలుగు వారాల సగటుతో భాగించి చూసే పద్ధతి ఒకటుంది. ఆస్ట్రేలియా పరిశోధకుడు టిమ్ గాబెట్ 2016లో రాసిన వ్యాసంతో అది బాగా పాకింది. 0.8 నుంచి 1.3 దాకా మంచిది, 1.5కి చేరితే ప్రమాదమని. సగటు 1200 ఉన్నవాడు ఈ వారం 1800 చేస్తే సరిగ్గా 1.5. యాప్ ఎర్రగా వెలుగుతుంది. కానీ ఫ్రాంకో ఇంపెల్లిజేరి లాంటి పరిశోధకులు ఆ భాగహారంలోనే లోపాలున్నాయని గట్టిగా వాదించారు. సెలవుల తర్వాత సగటు పడిపోతుంది కాబట్టి మామూలు ప్రాక్టీస్‌కి కూడా ఎరుపు రావడం నేనూ చూస్తున్నాను. అందుకని ఎరుపు కనబడితే వాడిని పక్కన కూర్చోబెట్టను, పక్కకి పిలిచి అడుగుతాను. నిద్ర ఎలా ఉంది, పొద్దున లేవగానే తొడ ఎలా ఉంది అని.

నేను రోజూ తప్పకుండా చూసే అంకె స్ప్రింట్లది. చిన్న గ్రౌండ్‌లో ఐదుగురు ఐదుగురుగా ఆడిస్తే చెమటలు కారతాయి, దూరమూ బాగానే వస్తుంది, కానీ ఎవడూ పూర్తి వేగం అందుకోడు. వారమంతా అలా ఆడి ఆదివారం మ్యాచ్‌లో అంచున ఆడే వింగర్ ఒక్కసారిగా లగెత్తితే హ్యామ్‌స్ట్రింగ్, అదే తొడ వెనక కండరం, ఏం కావాలి? అందుకే వింగర్లు, అంచున కాచే ఫుల్‌బ్యాక్‌లు తమ గరిష్ఠ వేగంలో 90 శాతాన్ని వారంలో ఒకటి రెండుసార్లయినా దాటారో లేదో చూస్తాను. దాటకపోతే మ్యాచ్‌కి మూడు రోజుల ముందు నాలుగైదు పొడవాటి పరుగులు పెట్టిస్తాను. ఈ ఒక్క పనికే పాడ్ డబ్బులు వచ్చేసినట్టు అనిపిస్తుంది నాకు.

పాడ్ కొనలేని జిల్లా జట్లవాళ్ళు నన్ను అడుగుతుంటారు. నోటుబుక్ చాలు. ప్రాక్టీస్ అయిన అరగంటకి "పదికి ఎంత కష్టం అనిపించింది?" అని అడిగి, దాన్ని నిమిషాలతో గుణించండి. తొంభై నిమిషాలు, ఆరు మార్కులు, భారం 540. ఒక్కొక్కరిని విడిగా అడగండి. గుంపులో అడిగితే అందరూ "నాలుగే సార్" అంటారు.

మాకూ ఆ నోటుబుక్ తప్పదు. లీగ్ దగ్గర పడింది. కుర్రాళ్ళు ఇరవై ఇద్దరు, పనిచేసే పాడ్లు తొమ్మిది. ముందు వింగర్లకి, ఫుల్‌బ్యాక్‌లకి, ఆ తర్వాత గాయం నుంచి తిరిగొచ్చినవాళ్ళకి. మిగిలితే మిడ్‌ఫీల్డర్లకి. గోలీలకి ఇవ్వనని చెప్పేశాను, ఇద్దరూ అలిగారు.