మలుంగో

2019 మార్చిలో కడప రిమ్స్‌లో పదకొండు రోజులు మంచాన ఉన్నాను. అందులో మొదటి రెండు రోజులు నాకు గుర్తే లేవు. ఆ రెండు రోజుల సంగతి మా ఇంటామె చెబితే తెలిసిందే.

నా పని బోరింగుల రిపేరు. సంఘం తరఫున రెండేళ్ల పరిచర్యకు ఆఫ్రికాలోని మలావీకి వెళ్లినప్పుడు నాకు అప్పగించిందీ అదే. పగలు చిక్వావా జిల్లా పల్లెల్లో పాడైన చేతిపంపులు బాగుచేయాలి, సాయంత్రం ఆ ఊళ్లోనే చెట్టు కింద వాక్యం చెప్పాలి. నాకొచ్చిన ఇంగ్లీషును చిచేవాలోకి మార్చి చెప్పడానికి అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘం ఒకాయన్ని నాకు తోడిచ్చింది. ఆయన నన్ను ‘అచిమ్వేనే’ అని పిలిచేవాడు. అన్నా అని అర్థం. నేను తెలుగులోనే ‘అన్నా’ అనేవాణ్ణి. రెండేళ్లూ అవే మా పేర్లు.

అక్కడి పంపును ఆఫ్రిదేవ్ అంటారు. రాడ్లు చేత్తోనే పైకి లాగి, అరిగిపోయిన సీలు మార్చవచ్చు. పల్లె ఆడవాళ్లే నేర్చుకుని చేసుకునేంత సులువు. మొదట్లో నేను మన ఊరి అలవాటున బలం వాడేవాణ్ణి. ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపి, రాడ్డు ఎక్కడ పట్టుకుంటోందో వేళ్లతో చూడమనేవాడు. మధ్యాహ్నం ఎవరింటి ముందు కూర్చున్నా న్సిమా పెట్టేవాళ్లు. మొక్కజొన్న పిండిని తెడ్డుతో గెలికి చేసే ముద్ద. రంగు తెలుపే గానీ అచ్చం మన సంగటే. చేత్తో తుంచి, ఆకుకూరలో అద్దుకుని తినడమూ మనలాగే. మొదటి రోజు ఆ ముద్ద చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

కడపకు లండన్ మిషన్ వాళ్లు 1822లో వచ్చారనీ, మిషనరీ లివింగ్‌స్టన్‌ను ఆఫ్రికాకు పంపిందీ ఆ మిషనే అనీ చెబితే ఆయన ఎంత సంతోషపడ్డాడో! ఆయన ఉండే బ్లాంటైర్‌కు ఆ పేరు లివింగ్‌స్టన్ పుట్టిన ఊరిదే. ఆ లివింగ్‌స్టన్ భార్య మేరీ 1862లో జాంబెజీ ఒడ్డున మలేరియాతో చనిపోయిందని అప్పుడు ఆయన చెప్పాడు. కాసేపు ఆగి, తన పెద్దకూతురు కూడా మూడేళ్లప్పుడు దానితోనే పోయిందన్నాడు. మలేరియాను వాళ్లు ‘మలుంగో’ అంటారు. ఎవరికి ఒళ్లు వెచ్చబడినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే. నేను బయల్దేరే రోజు బస్టాండులో కూడా అదే చెప్పాడు: ఇంటికెళ్లాక జ్వరం వస్తే, ఏ డాక్టరుకైనా ముందు మలావీ పేరు చెప్పు.

నేను చెప్పలేదు. మలేరియా రాకుండా రోజూ వేసుకునే డాక్సీసైక్లిన్ మాత్రలను ఆ దేశం వదిలాక కూడా నాలుగు వారాలు వాడాలి. ముంబయిలో దిగి చెన్నై రైలెక్కగానే ఇంటికొచ్చేశాను కదా అని మానేశాను.

ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు చలి మొదలైంది. మార్చి ఎండలో మూడు దుప్పట్లు కప్పినా దవడలు టకటకా కొట్టుకున్నాయి. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. నాలుగు రోజులు సెలైన్లు, ఇంజెక్షన్లు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. కళ్లు పసుపెక్కాయి, మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, డెంగ్యూ ఏమో, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అన్నారు. ఆటోలో ఎక్కించడం వరకే నాకు తెలుసు.

ఆదివారం గుడి అయ్యాక ఆయన వాట్సాప్‌లో ఫోన్ చేసేవాడు. ఆ ఆదివారమూ చేశాడు. అక్కడికీ మనకూ మూడున్నర గంటల తేడా, ఇక్కడ సాయంత్రమైంది. వార్డు బయట మా ఇంటామె ఫోనెత్తింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ‘ఫీవర్, ఫీవర్’ అని ఏడ్చింది. అవతల ఆయన ‘మలుంగో’ అన్నాడట. ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ అన్నాడు, ‘డాక్టర్, మలుంగో, టెస్ట్’ అని విడివిడిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు నాలుగైదుసార్లు. ఆమె మందుల అట్టపెట్టె చింపి, దాని వెనక తెలుగులో ‘మలుంగో’ అని రాసుకుని డ్యూటీ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“ఇదేం మాటమ్మా?”

“ఆఫ్రికాది మేడం. మా ఆయన ఆడ రెండేండ్లు ఉండి మొన్ననే వచ్చినాడు.”

“ఆఫ్రికా నుంచి వచ్చినాడని ముందే చెప్పాల కదమ్మా!” అంటూనే ఆమె లేచిందట. అరగంటలో తేలింది. ఫాల్సిపేరం మలేరియా, మెదడుకెక్కుతోంది. వెంటనే ఆర్టిసునేట్ ఇంజెక్షన్, పన్నెండు గంటలకు రెండోది, ఇరవైనాలుగు గంటలకు మూడోది. మూడో రోజు కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగాను. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే చెప్పలేమన్నారు. దేవుడు నన్ను బతికించాడు, దానికి ఆయన వాడుకున్నది నా స్నేహితుడి నోటిని. గుడిలో నా సాక్ష్యం కూడా ఇదే.

కోలుకోవడానికి మూడు నెలలు పట్టింది. అరవై ఎనిమిది కిలోల మనిషిని యాభై ఆరుకొచ్చాను. పైపు పానా ఎత్తితే చెయ్యి వణికేది. జుట్టు దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. నోటికి ఏదీ సయించక, ఒకరోజు మొక్కజొన్న పిండితో ముద్ద చేసి పెట్టమన్నాను. రెండు ముద్దలు తిన్నాను. అది ఫోటో తీసి పంపితే ఆయన తిరిగి పంపిన మెసేజీలో నవ్వు ఇప్పటికీ వింటాను. పద్నాలుగు సెకన్లు.

2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను బ్లాంటైర్ మీద రోజుల తరబడి కురిసింది. ఆయన ఇల్లు చిలోబ్వేలో, సోచే కొండ వాలులో. రాత్రిపూట బురద, బండరాళ్లు ఇళ్ల మీదికి దొర్లి వచ్చాయి. తొమ్మిది రోజులు నా మెసేజీల కింద ఒకటే టిక్కు. పదో రోజు ఆయన తమ్ముడు రాశాడు.

మా ఇంటామె ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. మాట్లాడింది ఆ ఒక్కసారే. చాలాసేపు పొయ్యి దగ్గరే కూర్చుండిపోయి, “ఆ పొద్దు నేనాయనకు మంచిమాట గూడా చెప్పలేదు. టక్కున ఫోన్ పెట్టేసి పరిగెత్తినా” అంది. వాళ్ల భాషలో థ్యాంక్స్‌ను ఏమంటారని అడిగింది.

‘జికోమో’ అంటారని చెప్పాను.