లేని పుస్తకాల పేజీ నంబర్లు

నిన్న ఒక వ్యాసం కోసం చాట్‌బాట్‌ని ఆధారాలు అడిగాను. ఐదు పుస్తకాలు, రచయితల పేర్లు, పేజీ నంబర్లతో సహా టకటకా ఇచ్చేసింది. గంటసేపు వెతికితే, మూడు అసలు అచ్చయిన దాఖలాయే లేదు! అదే అడిగితే "క్షమించండి, మీరన్నది నిజమే" అని ఎంతో వినయంగా ఒప్పుకుని, ఇంకో లేని పుస్తకం చేతిలో పెట్టింది.

దాని సంగతి సరే, నా మీద నాకే కోపమొచ్చింది. లోపల జరిగేది తెలిసినదాన్నే: ఇప్పటిదాకా ఉన్న మాటల వెనక ఏది వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి ముక్కముక్కగా పేర్చడం. పుస్తకం పేరులా వినిపిస్తే చాలు, ఉందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు.

యంత్రానికి మన మాట అర్థమవుతుందనే ఈ భ్రమ పాతదే. 1960ల మధ్యలో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ వైజెన్‌బామ్ రాసిన ఎలైజా అనే సంభాషణ ప్రోగ్రామ్ మనం అన్నమాటనే ప్రశ్నగా తిప్పి అడిగేది, అంతే. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాస్త బయటికి వెళ్తారా అని ఆయన్నే అడిగిందట. ఆయన దాన్ని తయారుచేయడం నెలల తరబడి చూసిన మనిషి ఆవిడ!

అలాగని ఉత్తదేనా అంటే కాదు. నా వ్యాసంలో రెండో పేరాకీ ఐదో పేరాకీ పొంతన లేదని ఇట్టే పట్టేసింది. పేరా మార్చాను. పుస్తకాలు మాత్రం లైబ్రరీ కేటలాగ్‌లో నేనే వెతుక్కుంటున్నా.