జీతాల పట్టిక, ఒక పేజీ వెడల్పు

ఈ నెల మా ఆఫీసులో జీతాల పట్టికను ప్రింట్ తీస్తే అక్షరాలు చదవలేనంత చిన్నవిగా వచ్చాయి. ఎక్సెల్‌లో ‘ఫిట్ షీట్ ఆన్ వన్ పేజ్’ ఎంచుకుంటే కాలమ్‌లూ వరుసలూ అన్నీ ఒకే కాగితంలోకి కుదించుకుపోతాయి కనుక, పొడవైన పట్టికలకు ఆ ఎంపిక పనికిరాదు. పేజ్ సెటప్‌లో వెడల్పును 1 పేజీగా ఉంచి, ఎత్తు దగ్గరి అంకెను తీసేసి ఖాళీగా వదిలితే, కాలమ్‌లన్నీ పేజీ వెడల్పులో ఇమిడి, వరుసలు తరువాతి పేజీలకు సాగుతాయి. అలా చేసినా అక్షరం పెద్దగా పెరగలేదు. షీట్‌లో వాడిన చివరి సెల్ ఎక్కడుందో చూద్దామని కంట్రోల్, ఎండ్ మీటలు కలిపి నొక్కితే, కర్సర్ పట్టికకు కుడివైపున చాలా దూరంలో, ఎవరో ఎప్పుడో స్పేస్ కొట్టి వదిలేసిన సెల్ మీద ఆగింది. అంత దూరం వరకూ ఉన్న ఖాళీనంతా ఎక్సెల్ ఆ ఒక్క పేజీ వెడల్పులో ఇరికిస్తోందన్నమాట. అసలు పట్టికను మాత్రమే ఎంచి ప్రింట్ ఏరియాగా పెట్టగానే అంకెలు హాయిగా చదవగలిగేలా వచ్చాయి. ఇలా పేజీల లెక్కన కుదించే పద్ధతిలో మనం చేత్తో పెట్టుకున్న పేజీ విరామాలను ఎక్సెల్ పట్టించుకోదు. ప్రతి పేజీ మీదా శీర్షిక వరుస రావాలంటే ‘ప్రింట్ టైటిల్స్’లో ఆ వరుసను చూపించాలి, ఏ అంకె మూలవేతనమో, ఏది కోతో తెలియాలి కనుక జీతాల పట్టికకు అది తప్పనిసరని నా అభిప్రాయం.