గ్రైట్స్ కోటల్లో ఇరవై నలుగురు హైన్రిష్‌లు

గేరాలో ఎల్స్టర్ లోయ రైలెక్కి గ్రైట్స్‌లో దిగాను. గుట్ట మీద పై కోట, ఊరి నడుమ దిగువ కోట, నది పక్కన పార్కులో వేసవి భవనం. జర్మనీలో థురింగియా రాష్ట్రంలోని ఈ చిన్న ఊరు 1918 దాకా ఒక సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానం మొత్తం 316 చదరపు కిలోమీటర్లే. ఏలినవాళ్లు రాయిస్ వంశంలో పెద్ద శాఖవాళ్లు. పెద్ద అన్నది వరసకే. గేరా, ష్లైట్స్‌ల చిన్న శాఖకు 827 చదరపు కిలోమీటర్లు ఉండేవి. 1564 పంపకాల్లో మధ్య శాఖ కూడా ఏర్పడింది గానీ 1616లో అంతరించింది.

దిగువ కోట మ్యూజియంలో చిత్తరువుల ముందు నిలబడితే తికమక తప్పదు, ఎందుకంటే మగవాళ్లందరి పేరూ హైన్రిష్. పదహారో లూయీ అన్నట్టు ఆ అంకెను రాజుల వరుసగా చదివితే లెక్క తప్పుతుంది. గద్దెనెక్కినా ఎక్కకపోయినా, పసితనంలోనే పోయినా, పుట్టిన ప్రతి మగబిడ్డకూ ఒక అంకె ఇచ్చేవారు. పెద్ద శాఖ నూరు దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటితో మొదలుపెట్టాలనుకుంది. చిన్న శాఖ శతాబ్దం మారగానే ఒకటికి వచ్చేది. అందుకే అక్కడ 62వ హైన్రిష్ తర్వాత 1854లో తమ్ముడు 67వ హైన్రిష్ గద్దెనెక్కితే, అతని కొడుకు 14వ హైన్రిష్, మనవడు 27వ హైన్రిష్ అయ్యారు.

నేను చిత్తరువులు పోల్చుకున్న పద్ధతి ఇది: అంకె 24 దాటితే చిన్న శాఖే. 24 లోపైతే పుట్టిన ఏడు చూడాలి. 1846లో పుట్టిన 22వ హైన్రిష్, 1878లో పుట్టిన అతని కొడుకు 24వ హైన్రిష్ గ్రైట్స్‌వాళ్లు. పెద్ద శాఖ నూరు దాకా వెళ్లనేలేదు, 24 దగ్గరే ఆగిపోయింది.

దిగువ కోటలో మధ్యయుగపు గోడల కోసం వెతకొద్దు. 1802 అగ్నిప్రమాదంలో అది కాలిపోయాక కొత్తగా కట్టారు. పాతదనం చూడాలంటే గుట్టెక్కాల్సిందే. పై కోటలో 12వ శతాబ్దపు ఇటుక కట్టడం బయటపడింది. ఆ గోడ దగ్గర ఎంతసేపు నిలబడినా తనివి తీరదు. జర్మనీలో చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు కాబట్టి మంగళవారం నుంచి ప్లాన్ చేసుకోండి.

నన్ను ఎక్కువగా పట్టి నిలిపింది 22వ హైన్రిష్. 1866లో ఆస్ట్రియా, ప్రష్యాల మధ్య జరిగిన యుద్ధంలో గ్రైట్స్ ఆస్ట్రియా వైపు నిలిచి ప్రష్యా సైన్యం చేతికి చిక్కింది. ఆ కోపం ఆయనకు 1902లో చనిపోయేదాకా చల్లారలేదు. అలాంటి మనిషి కూతురు హెర్మీన 1922లో, గద్దె దిగి హాలండ్‌లోని డోర్న్‌లో ఉంటున్న జర్మన్ చక్రవర్తి, ప్రష్యా రాజు రెండో విల్‌హెల్మ్‌నే పెళ్లాడింది.

24వ హైన్రిష్ 1927లో పెళ్లి లేకుండానే పోవడంతో పెద్ద శాఖ ముగిసింది. చిన్న శాఖకు మిగిలిన 45వ హైన్రిష్‌ను 1945లో సోవియట్ సైన్యం పట్టుకుపోయింది, మళ్లీ కనిపించలేదు. ఇక మిగిలింది ఏనాడూ సొంత రాజ్యం లేని క్యోస్ట్రిట్స్ ఉపశాఖ. ఇప్పుడు ఇంటి పెద్దరికం వాళ్లదే. వాళ్ల ఊరు గేరాకు దగ్గరే. 1585లో సంగీతకర్త హైన్రిష్ ష్యూట్స్ పుట్టిన ఇల్లు కూడా అక్కడే మ్యూజియంగా ఉంది. తిరుగు ప్రయాణంలో అక్కడ దిగాను.