ఇంద్రజ ఉంగరం, పీఆర్ కార్డు

గుమ్మం దగ్గర పన్నెండు జతల మంచు బూట్లు కరిగిన నీళ్ళలో నానుతున్నాయంటే, ఆ శనివారం మా ఇంట్లో సినిమా ఉన్నట్టు లెక్క. కాల్గరీలో నవంబరు వచ్చాక పిల్లల్ని బయట ఆడుకోమనలేం. డిసెంబరులో నాలుగున్నరకే పొద్దుగుంకుతుంది, చలి ఒక్కోసారి మైనస్ పాతికకు దిగుతుంది. అందుకని మూడేళ్ళ క్రితం నాలుగు కుటుంబాల వాళ్ళం ఒక ఏర్పాటు చేసుకున్నాం. నవంబరు నుంచి మార్చి దాకా నెలకో శనివారం, మా బేస్‌మెంటులో, మాయలూ మంత్రాలూ ఉన్న తెలుగు సినిమా ఒకటి చూడాలి. ఒక నెల పాతది, ఒక నెల కొత్తది. పులిహోర, మిర్చి బజ్జీలు ఎవరి వంతు వాళ్ళవి.

మాయల సినిమాలే ఎందుకంటే, కుటుంబ కథలు పెడితే పిల్లలు పావుగంటలో ఫోన్లు తీస్తారు, కొత్త యాక్షన్ సినిమాలు పెడితే మేమే రిమోట్ కోసం వెతుక్కోవాలి. పైకి ఇదంతా పిల్లల కోసమని చెప్పుకుంటాం. అసలు సంగతి మా వరంగల్ వదిన మొదటి రోజే బయటపెట్టింది. "పిల్లలు రాకపోయినా మనం చూద్దాం" అంది.

మొదట మాయాబజార్ అనుకున్నాం. అనుకోగానే గొడవ మొదలైంది. 1957 నాటి నలుపు తెలుపుల సినిమానా, 2010లో రంగులద్ది వదిలినదా? రంగులుంటేనే పిల్లలు కూర్చుంటారని నేను అన్నాను. మా ఎదురింటి కర్నూలు అన్నయ్య ససేమిరా ఒప్పుకోలేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే ఎండను పట్టుకుని వెన్నెల చేసింది నలుపు తెలుపుల్లోనే అనీ, దానికి రంగు వేయడం పాయసంలో ఆవకాయ కలపడమే అనీ ఆయన వాదన. ఆయనదే నెగ్గింది. పిల్లలు పది నిమిషాలు గొణిగి ఊరుకున్నారు. రంగు లేదన్న సంగతి వాళ్ళు తర్వాత మళ్ళీ ఎత్తనే లేదు, నేనే అనవసరంగా భయపడ్డాను.

అసలు ఇబ్బంది కింద పడుతున్న ఇంగ్లీషు అక్షరాలతో వచ్చింది. ఘటోత్కచుడు తెర మీదికి రాగానే కింద 'డీమన్' అని పడింది. తొమ్మిదేళ్ళ మావాడికి ఆ మాటకు ఒక్కటే అర్థం తెలుసు, చివర్లో చచ్చేవాడు. ఆ పైన సినిమా అంతా వాడు ఎస్వీ రంగారావును అనుమానంగానే చూశాడు. "వీడు గూఢచారా?" అని రెండుసార్లు అడిగాడు. వాళ్ళమ్మ హిడింబి మాట జవదాటని కొడుకు, అభిమన్యుడికి అన్నయ్య, అని నేను చెబుతూనే ఉన్నాను. కింద మాత్రం 'కజిన్' అని పడుతోంది. మా ఇంట్లో ఆ మాట ఏడాదికోసారి పుట్టినరోజు సందేశం పంపే బంధువుకు వాడతారు. అన్నయ్యకు కాదు. ఒక తల్లి మాట మీద, ఇంకో తల్లి బిడ్డ పెళ్ళి కోసం, ఒకడు ద్వారక మొత్తాన్ని బురిడీ కొట్టించడానికి బయలుదేరాడు. 'కజిన్' అనగానే ఆ కథకు కాళ్ళు విరిగిపోయాయి.

లేచి అక్షరాలు ఆపేశాను. ఇక తల్లిదండ్రులందరం ఒకేసారి అర్థాలు చెప్పడం మొదలుపెట్టాం. సినిమా వినపడటం మానేసింది. శశిరేఖ కథ వ్యాస భారతంలో లేదని ఒకరు, సినిమా మొత్తంలో పాండవులు ఒక్కసారైనా కనపడరు గమనించారా అని ఇంకొకరు. పిల్లలు మా వైపు చూస్తున్నారు తప్ప తెర వైపు చూడటం లేదు. అయినా ఒక చోట వాళ్ళంతట వాళ్ళే మమ్మల్ని ఊరుకోమన్నారు. రాక్షసుల బడి సన్నివేశం అది. నోరు తిరగని శిష్యుడు 'అస్మదీయులు' అనలేక 'అసమదీయులు' అంటాడు. కాని వాళ్ళకు 'తసమదీయులు' అని సొంతంగా ఒక మాట పుట్టిస్తాడు. అలాంటి మాటే లేదని గురువు కసురుకుంటే, ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలు ఎక్కడి నుంచి వస్తాయని ఘటోత్కచుడు శిష్యుడినే మెచ్చుకుని వీరతాడు వేయిస్తాడు. రాసింది పింగళి నాగేంద్రరావు.

మావాడికి 'ళ' పలకదు. ఇక్కడికి వచ్చిన ప్రతి చుట్టమూ ముద్దుగానే "నాన్నా, ఏదీ, కళ్ళు అను" అని వాడిని నిలబెట్టి నవ్వుతారు. వాడు ఆ సన్నివేశం మూడుసార్లు వెనక్కి తిప్పి వేయించుకున్నాడు. మర్నాడు పొద్దున వాకిట్లో మంచు తీస్తున్న వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి, "నాన్నా, నా మంచుపార ఎక్కడ?" అని అడిగాడు. మంచు ఎత్తిపోసే పారకు పదేళ్ళుగా మేము తెలుగు పేరు పెట్టలేదు. ఆ అవసరమే తోచలేదు. ఆయన మెడలోని మఫ్లరు తీసి వీరతాడుగా వాడి మెడలో వేశాడు. ఇప్పుడు మా నాలుగిళ్ళలోనూ అది మంచుపారే.

ఇదే పిల్లవాడు బాహుబలి మొదటి భాగం చూసి, మదన్ కార్కీ కాలకేయుల కోసం అల్లిన కిలికి భాషలో నాలుగు వాక్యాలు రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. లేని భాష అంత తొందరగా వచ్చినవాడికి ఉన్న భాష ఎందుకు రావడం లేదని వాళ్ళ నాన్న బాధ. కిలికిలో తప్పు చెబితే నవ్వే చుట్టాలు ఉండరు కదా అని నేను అన్నాను.

కొత్త సినిమాల సంగతికి వస్తే, ఈగ పెట్టిన రోజు ఎవరూ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. పునర్జన్మ గురించి ఉపన్యాసం ఇద్దామని సిద్ధమై వచ్చిన విజయనగరం బావగారు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. చచ్చాడు, ఈగై పుట్టాడు, పగ తీర్చుకుంటున్నాడు. ఆరేళ్ళ పిల్లకు కూడా సందేహం రాలేదు. ఆ వేసవిలో మాత్రం మా పిల్లలు ఇంట్లో ఈగను చంపనివ్వలేదు. కిటికీ తెరిచి, వంగి, మర్యాదగా బయటికి పంపేవారు.

కల్కి 2898 ఏడీ నాకైతే మొదటి గంట సాగదీసినట్టు అనిపించింది. పిల్లలకు అందులో బుజ్జి అనే కారు తప్ప ఇంకేమీ పట్టలేదు. మా పెద్దది ఒక్కతే, ఆ ముసలాయన ఇన్నాళ్ళు ఎందుకు బతికి ఉన్నాడని అడిగింది. రాత్రి పదకొండింటికి అశ్వత్థామ కథ చెప్పాల్సి వచ్చింది. నిద్రపోతున్న ఉపపాండవులను చంపడం, నుదుటి మణి, కృష్ణుడి శాపం. చావు లేకపోవడం కూడా శిక్షేనా అని కాసేపు ఆలోచించుకుంటూ పడుకుంది. చదివి వినిపించిన భారతం పుస్తకాలు చేయలేని పని ఆ సినిమా చేసింది. కాబట్టి మొదటి గంటను క్షమించేశాను.

విజయనగరం బావగారికి సినిమాల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి. మాయాబజార్‌లో కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే, 1991లో ఆదిత్య 369లో మనల్ని శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి తీసుకెళ్ళాడు. 1994లో భైరవద్వీపం తీశాడు. కల్కి కథ తయారవుతున్నప్పుడు పక్కన కూర్చుని సలహాలిచ్చిందీ ఆయనే. "పాతది, కొత్తది అని మనం గీత గీస్తాం గానీ ఆయన మధ్యలో ఎక్కడా బస్సు దిగలేదు" అన్నారు బావగారు. పిల్లలు ఈ మాటలేవీ వినలేదు. వాళ్ళు 2504లో మనుషులు వేసుకున్న బట్టలు చూసి పడీ పడీ నవ్వుతున్నారు.

ఈ చలికాలం జగదేకవీరుడు అతిలోకసుందరి నా వంతుగా ఎంచుకున్నాను. అది నాకు బాకీ ఉన్న సినిమా. మాది దివిసీమ, అవనిగడ్డ పక్కన పల్లెటూరు. సినిమా విడుదలైంది 1990 మే 9న. ఆ రోజే మచిలీపట్నానికి దగ్గర్లో తుఫాను తీరం దాటింది. 1977 ఉప్పెన చూసిన మా నానమ్మ ముందురోజే మూట కట్టుకుని, మమ్మల్ని తోలుకుని బడి మేడ మీదికి చేరింది. వాన తగ్గినా రెండు రోజులు కిందికి దిగలేదు. నాకు తొమ్మిదేళ్ళు. ఊరు మునిగిందన్న దిగులు కన్నా శ్రీదేవిని చూడలేదన్న దిగులే ఎక్కువ. నెలన్నర తర్వాత నాన్న బందరు తీసుకెళ్ళి చూపించాడు. రోడ్డు పొడవునా పడిపోయిన కొబ్బరి చెట్లు అలాగే ఉన్నాయి. హాల్లోంచి బయటికి వచ్చాక వేలికి గడ్డిపోచ చుట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, అది ఉంగరమని. ఊరు వచ్చేదాకా విప్పలేదు.

ఆ సినిమా మొన్న మా బేస్‌మెంటులో నడుస్తోంది. చిరంజీవి డాన్సుకు కర్నూలు అన్నయ్య లేచి రెండు అడుగులు వేసి, నడుము పట్టుకుని కూర్చున్నాడు. ఇంద్రుడి కూతురు ఇంద్రజ, అంటే శ్రీదేవి, ఉంగరం పోగొట్టుకుంది. అది లేనిదే స్వర్గంలోకి రానివ్వరు. కర్నూలు వాళ్ళ చిన్నది, ఏడేళ్ళది, చేతిలో బజ్జీ పట్టుకుని తీరిగ్గా అంది. "అంటే ఆవిడ పీఆర్ కార్డు పోయింది."

అందరం ఒక్కసారిగా నవ్వాం. పీఆర్ కార్డంటే, బయటి దేశం వెళ్ళినవాళ్ళు కెనడాలోకి తిరిగి రావడానికి చూపించాల్సిన శాశ్వత నివాస కార్డు. వరంగల్ వదిన కళ్ళు తుడుచుకుంది. ఇక ఆ పైన సినిమాకు కొత్త అర్థం వచ్చేసింది. ఇంద్రుడు ఇమ్మిగ్రేషన్ అధికారి అయ్యాడు, కొత్త కార్డుకు ఎన్ని నెలలు పడుతుందని పిల్లలు లెక్కలు వేశారు. నవ్వనిది కర్నూలు అన్నయ్య ఒక్కడే. నాలుగేళ్ళ క్రితం వాళ్ళ నాన్నకు బాగా లేదని ఫోను వచ్చినప్పుడు ఆయన కార్డు గడువు తీరి, కొత్తది ఇంకా రాలేదు. వెళ్ళొచ్చు. తిరిగి రావాలంటే అక్కడ ఇంకో కాగితం సంపాదించుకోవాలి, ఉద్యోగం చూస్తే కొత్తది. ఏం చేద్దామా అని రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు ఆలోచించాల్సిన పని లేకపోయింది. కూతురికి ఇవేవీ తెలియవు. ఆయన బజ్జీల పళ్ళెం తీసుకుని పైకి వెళ్ళాడు. పళ్ళెంలో బజ్జీలు ఇంకా సగం ఉన్నాయి.

చివర్లో ఇంద్రజ స్వర్గం వదులుకుని భూమ్మీదే ఉండిపోతుంది. ముప్పై ఐదేళ్ళుగా నేను ఆ ముగింపుకు ఆనందపడుతూనే ఉన్నాను. దీపాలు వేశాక, పధ్నాలుగేళ్ళ మా పెద్దది నన్ను అడిగింది, ఎప్పటిలాగే ఇంగ్లీషులో. "మరి వాళ్ళ నాన్నను మళ్ళీ ఎప్పుడు చూసింది?"

చూడలేదు. సినిమాలో అలాంటి దృశ్యం లేదు. అది ప్రేమకథ, అక్కడితో అయిపోయింది అన్నాను. దానికి ఆ జవాబు చాలలేదు. నాకూ చాలలేదు గానీ, గిన్నెలు సర్దాలన్న వంక ఒకటి దొరికింది.

అప్పటికి మాకు సాయంత్రం ఏడు. అంటే అవనిగడ్డలో ఆదివారం పొద్దున ఏడున్నర, అమ్మ కాఫీ తాగే వేళ. రోజూ మాట్లాడే వేళే. పెద్దది ఫోను తీసుకుని మెట్ల మీద కూర్చుని, వచ్చీరాని తెలుగులో కథంతా చెప్పి అదే ప్రశ్న అడిగింది. వంటింట్లోంచి నేను వింటున్నాను. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. కప్పు సాసరు మీద పెట్టిన చప్పుడు వినపడింది.

"ఇంద్రుడికేం తల్లీ, ఒళ్ళంతా వెయ్యి కళ్ళు. పైనుంచి రోజూ చూస్తూనే ఉంటాడు" అంది. "నాకున్నవి రెండే. అందులో ఒకదానికి శుక్లం. ఫోను కాస్త దగ్గరగా పెట్టు, నీ ముఖం కనపడటం లేదు."

పిల్ల ఎంత దగ్గరగా పెట్టిందంటే, ఇక అవతల అమ్మకు దాని నుదురు తప్ప ఏమీ కనపడి ఉండదు.